ఖని విడిచి రానంటున్న వదిన

ప్రశ్న: చెల్లెమ్మా, నేను గోదావరిఖనిలో 34 ఏళ్లుగా బొగ్గుగనిలో పని చేస్తున్నాను. వచ్చే వేసవిలో రిటైరవుతాను, క్వార్టరు ఖాళీ చేయాలి. మా ఊరు జమ్మికుంట దగ్గర. అన్నదమ్ముల పంపకాల్లో నాకు రెండెకరాల పొలం, ఇంటి జాగా వచ్చాయి. అక్కడ చిన్న ఇల్లు కట్టుకుని పొలం చూసుకుంటూ బతకాలన్నది నా చిరకాల కోరిక. మేస్త్రీతో మాట్లాడి ప్లాను కూడా గీయించాను. నా భార్య మాత్రం ససేమిరా అంటోంది. పెళ్లయిన రెండో ఏడే ఆమెను ఖనికి తీసుకొచ్చాను. ఇప్పుడు అద్దె ఇంట్లోనైనా ఇక్కడే ఉంటానంటోంది. ఈ దుమ్ములో, ఈ ఎండలో, బ్లాస్టింగ్ జరిగితే అదిరే గోడల మధ్య ఆమెకు ఏం కనిపిస్తోందో నాకు అర్థం కావడం లేదు. ఆమె పుట్టింది కూడా పల్లెటూళ్లోనే. అబ్బాయి హైదరాబాద్‌లో గేటెడ్ కమ్యూనిటీలో ఉంటాడు, అక్కడికి వచ్చేయమంటాడు. అమ్మాయి హనుమకొండలో ఉంటుంది, తన దగ్గరికి రమ్మంటుంది. ఒక్కొక్కరికి ఒక్కో చోటు ఎందుకు నచ్చుతుంది? ఊరి మీద ప్రేమ లేని మనిషికి ఎలా నచ్చజెప్పాలి?

సమాధానం:

అన్నా, మీ ఉత్తరంలో మిగతాదంతా ఒప్పుకుంటాను గానీ చివరి వాక్యాన్ని ఒప్పుకోలేను. వదినకు ఊరి మీద ప్రేమ లేదని మీరు తేల్చేశారు. జమ్మికుంట దగ్గరున్నది మీ ఊరు. వదిన పుట్టిన ఊరు వేరు. మీ ఊరికి ఆమె కోడలిగా వచ్చారు, రెండో ఏడే మీ వెంట ఖనికి వెళ్లిపోయారు. మీకు బడి, చెరువు, చేలగట్లు, చిన్ననాటి స్నేహితులు అన్నీ ఉన్న చోట ఆమెకున్నది ఒకటిన్నర ఏడాది కొత్త కోడలి కాపురం, ఆ తర్వాత పండగలకూ పెళ్లిళ్లకూ వచ్చి వంటింట్లో గడిపిన రోజులు. అక్కడి మీద మీకున్నంత మమకారం ఆమెకు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇది మీ ఒక్క ఇంటి సంగతి కాదు. కేంద్ర గణాంక శాఖ 2020-21 సర్వే ప్రకారం దేశంలో ఆడవాళ్లలో దాదాపు 48 శాతం మంది ఒకచోటి నుంచి మరోచోటికి మారినవాళ్లే. మగవాళ్లలో అలాంటివాళ్లు 11 శాతం కూడా లేరు. అలా మారిన ఆడవాళ్లలో నూటికి 87 మందికి కారణం పెళ్లి. అంటే మన ఇళ్లలో దాదాపు సగం మంది ఆడవాళ్లు ఒకసారి తమ చోటు వదిలేసి, ఎవరూ తెలియని చోట మొదటి నుంచీ మనుషుల్ని సంపాదించుకున్నవాళ్లు. వదిన ఆ పని రెండుసార్లు చేశారు, మొదట మీ ఊళ్లో, తర్వాత ఖనిలో. ఇప్పుడు యాభై దాటిన వయసులో మూడోసారి చేయమంటున్నారు మీరు. ఆమె అభ్యంతరం మీ ఊరి గాలి మీద, నీళ్ల మీద కాదని నాకు అనిపిస్తోంది.

క్వార్టర్ల వరుసలో బతుకు ఎలా ఉంటుందో మీకు చెప్పడం తాతకు దగ్గులు నేర్పినట్టే. అయినా మీరు చూడని భాగం ఒకటుంది. ఆ వేళల్లో మీరు బాయిలో, అంటే గని లోపల ఉన్నారు. రాత్రి షిఫ్టు చేసిన మనిషి పొద్దున వచ్చి పడుకుంటే ఆ ఇంటి పిల్లలు పగలు పక్కింట్లో ఆడుకుంటారు. నల్లా వచ్చే వేళకు ఒకావిడ బజారుకు వెళ్తే ఆమె బిందెలు పక్కావిడ నింపి పెడుతుంది. ఒకింట్లో నెలలు నిండిన మనిషికి అర్ధరాత్రి నొప్పులు మొదలైతే భర్త భూమి లోపల ఉంటాడు. అతనికి కబురు వెళ్లి, అతను పైకి వచ్చేలోపు ఆమెను ఆస్పత్రికి చేర్చేది ఆ వరుసలోని ఆడవాళ్లే. ఇది స్నేహం కంటే గట్టి సంబంధం, అవసరం మీద కట్టుకున్నది. వదిన మీ ఇద్దరు పిల్లల్ని ఆ వరుసలోనే పెంచారు. మీరు మూడు షిఫ్టులు మారుతూ వెళ్లి వస్తుంటే ఇల్లు నడిచింది వాళ్ల అండతోనే.

2003 జూన్ 16ను మీరు మరిచి ఉండరు. ఏడో ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయిన రోజు అది. ఆ రోజు ఖనిలో కార్మికుల కుటుంబాలు ఎలా గడిపాయో వదినను ఎప్పుడైనా అడిగారా? మీ పేరు ఆ జాబితాలో లేదని తెలిసేదాకా ఆమె పక్కన కూర్చున్నది ఎవరు? ఆ మనిషి ఇంకా ఖనిలోనే ఉంటే, ఆ మనిషిని వదిలి రమ్మని వదినను అడగడం అంటే ఏమిటో మీకు తెలియాలి. అడిగి చూడండి. మీరు గనిలో ఉన్నప్పుడు పైన జరిగినది ఇన్నేళ్లకైనా ఆమె నోట వినండి.

బతుకమ్మ పండగనే తీసుకోండి. ఊళ్లో అది ఆడబిడ్డలు పుట్టింటికి వచ్చి ఆడే పండగ. కోడళ్లు తమ తమ పుట్టిళ్లకు వెళ్లాలి. పుట్టింట్లో అమ్మానాన్నలు పోయాక, అక్కడికీ ఆహ్వానం తగ్గాక, కోడలికి ఆ తొమ్మిది రోజులూ ఎక్కడా తన చోటు అనిపించదు. కాలనీలో అలా కాదు. అక్కడ అందరి పుట్టిళ్లూ ఎక్కడో దూరాన ఉన్నవే. కాబట్టి ఎవరూ ఆడబిడ్డ కాదు, ఎవరూ కోడలు కాదు. గునుగు, తంగేడు తెచ్చుకుని క్వార్టర్ల ముందే పేర్చుకుంటారు, అందరూ కలిసి ఆడతారు. వదినను అక్కడ ఎవరి కోడలో అడగరు, పేరు పెట్టి పిలుస్తారు. మీ ఊళ్లో ఆమెను ఆమె పేరుతో పిలిచే మనుషులు ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్క వేయండి.

ఇంకో విషయం అడుగుతాను, తప్పుగా అనుకోకండి. మీ ఇంటి జాగా ఊళ్లో ఏ వాడలో ఉంది? మీ కులమేదో మీరు రాయలేదు, నాకు తెలుసుకోవాలనీ లేదు. కానీ ఊళ్లో ఎవరెవరు ఎక్కడ ఉండాలో ముందే రాసి పెట్టి ఉంటుంది. క్వార్టర్లు ఇచ్చేది హోదాను బట్టి, సర్వీసును బట్టి. ఒకే గోడకు అటూ ఇటూ రెండు వేర్వేరు కులాల కుటుంబాలు ముప్పై ఏళ్లు కాపురం చేసిన వరుసలు ఖనిలో ఎన్నో ఉన్నాయి. కాలనీలోనూ కులం లేకపోలేదు, పెళ్లి సంబంధాల దగ్గర బయటపడుతుంది. అయినా రోజువారీ బతుకులో, బోరు దగ్గర, గుడి దగ్గర, ఒకరింటికి ఒకరు వెళ్లి కూర్చోవడంలో ఊరికీ కాలనీకీ తేడా ఉంది. ఆ తేడాను ఎక్కువగా అనుభవించినవాళ్లు వెనక్కి వెళ్లడానికి ఇష్టపడకపోతే ఊరి మీద ప్రేమ లేదని అనకూడదు. మీ విషయంలో ఇది వర్తించకపోతే ఈ పేరా వదిలేయండి. ఇది చదివే మరొకరికి పనికొస్తుంది.

ఇంత చెప్పాను కదా అని మీ కోరికను తీసిపారేస్తున్నానని అనుకోకండి. ఆకాశం కనిపించని చోట 34 ఏళ్లు పని చేసిన మనిషి తన పొలం గట్టు మీద నిలబడాలని కోరుకోవడం కంటే న్యాయమైన కోరిక ఏముంటుంది? సింగరేణిలో బొగ్గు తవ్వడం 1889లో ఇల్లందు దగ్గర మొదలైంది. మీ రామగుండం ప్రాంతంలో గనులు తెరుచుకున్నది 1960లలో. కరీంనగర్, వరంగల్ జిల్లాల పల్లెల నుంచి కోల్‌బెల్టుకు వచ్చినవాళ్లలో ఎంతోమంది మీలాగే, నాలుగు రాళ్లు వెనకేసుకుని తిరిగి వెళ్దామనే వచ్చారు. పని ఒకచోట, ప్రాణం ఒకచోట పెట్టుకుని బతికారు. మీకు ఖని అంటే డ్యూటీ. ఊరు అంటే మస్టరు పడని చోటు, పై అధికారి లేని చోటు. వదినకు అదే ఊరు డ్యూటీ, ఖనిలోనే ఆమెకు ఊపిరి. మీరిద్దరూ కోరుకుంటున్నది ఒకటే, అది మీకు దొరికే చోటు వేరు, ఆమెకు దొరికే చోటు వేరు. ఒక్కొక్కరికి ఒక్కో చోటు ఎందుకు నచ్చుతుందని అడిగారు కదా, నాకు తెలిసిన జవాబు ఇదే. ఎవరి అదుపాజ్ఞలూ లేకుండా, నలుగురిలో తనకంటూ ఒక గుర్తింపుతో ఎక్కడ ఉండగలిగితే అక్కడే మనిషికి మనసు నిలుస్తుంది. దుమ్ము, ఎండ, అద్దె, దూరం అన్నీ ఆ తర్వాతి లెక్కలు. రాష్ట్రంలో ఎండలు మండే చోట్ల పేర్లు చెప్పమంటే రామగుండం పేరు ముందు వరసలో వస్తుంది. అది వదినకు తెలియదా? అయినా ఉంటానంటున్నారు.

వరంగల్‌లో దీనికి పాత ఉదాహరణ ఒకటి ఉంది. 1934లో ఆజంజాహి బట్టల మిల్లు పెట్టినప్పుడు చుట్టుపక్కల పల్లెల నుంచి జనం పనికి వచ్చారు. తరాలు గడిచాక మిల్లు మూతపడింది. పని పోయింది కాబట్టి అందరూ పల్లెలకు వెళ్లిపోవాలి కదా? వెళ్లలేదు, ఎన్నో కుటుంబాలు ఇక్కడే ఉండిపోయాయి. చిన్నా చితకా పనులు వెతుక్కున్నారు గానీ బస్తీ వదల్లేదు. కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లు క్వార్టరు ఖాళీ చేసి, రైలు కూత వినిపించే దూరంలోనే ఇల్లు కట్టుకోవడం మేం చూస్తూనే ఉన్నాం. మనుషుల్ని తెచ్చింది పనే అయినా, ఉంచేది పని ఒక్కటే కాదు.

ఇక మీరిద్దరూ కళ్లు తెరిచి చూడాల్సినవి చెప్తాను, ముందు మీకు. మీరు సెలవులకు వెళ్లినప్పుడు చూసే ఊరు వేరు, ఏడాది పొడుగునా ఉండే ఊరు వేరు. దసరాకు ఇళ్లన్నీ నిండుగా ఉంటాయి. దసరా వెళ్లిన వారానికి వెళ్లి చూడండి, మీ వీధిలో ఎన్ని ఇళ్లకు తాళాలు ఉన్నాయో తెలుస్తుంది. మీ ఈడు స్నేహితుల్లో ఎంతమంది ఊళ్లో ఉన్నారు, ఎంతమంది పిల్లల దగ్గరికి వెళ్లిపోయారు? రెండెకరాల సాగుకు కూలీలు, ట్రాక్టరు, నీళ్లు, ధాన్యం అమ్ముకోవడం, అన్నీ మీరే చూసుకోవాలి. గనిలో అరిగిపోయిన మోకాళ్లతో, ఇన్నేళ్లు దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులతో చేయగలరా? రాత్రిపూట ఆయాసం వస్తే ఆస్పత్రికి ఎంతసేపు పడుతుంది? రిటైరైన కార్మికులకు ఉండే వైద్య పథకంలో చేరారో లేదో, ఆ కార్డు మీద ఏ ఊళ్లో ఏ ఆస్పత్రిలో చూస్తారో ఇప్పుడే కనుక్కోండి. ఇల్లు ఎక్కడ అనే నిర్ణయంలో దానికి చాలా పాత్ర ఉంది.

వదినకు కూడా ఒక మాట. మీరు ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపిస్తారనే నమ్మకంతో రాస్తున్నాను. వదినా, మీరు పట్టుకుని కూర్చున్న వరుస కూడా కరిగిపోతోంది. మీవారితో పాటు చేరినవాళ్లందరూ ఇంచుమించు ఒకేసారి రిటైరవుతారు. వాళ్లూ క్వార్టర్లు ఖాళీ చేస్తారు. కొందరు మంచిర్యాలకు, కొందరు కరీంనగర్‌కు, కొందరు పిల్లల దగ్గరికి వెళ్తారు. మీరు ఖనిలో వేరే వీధిలో అద్దెకు ఉంటే మీ మనుషులు మీకు నడక దూరంలో ఉంటారా? మీకు బాగా దగ్గరైన నలుగురి పేర్లు అనుకుని, వాళ్లు వచ్చే ఏడాది ఎక్కడ ఉండబోతున్నారో అడగండి. ఇద్దరైనా ఖనిలోనే ఉంటామంటే మీ పట్టుదలకు బలం ఉంది. ఒక్కరూ ఉండకపోతే మీరు కోరుకుంటున్నది ఖనిని కాదు, గడిచిపోయిన కాలాన్ని. మీవారు ఊరి గురించి చేస్తున్న పొరపాటే మీరూ చేస్తారు.

అబ్బాయి పిలుపు సంగతికి వస్తే, గేటెడ్ కమ్యూనిటీలను ఊరికే తిట్టిపోయడం నాకు నచ్చదు. మీ కోడలికి అది ఎందుకు నచ్చుతుందో ఆలోచించండి. రాత్రి పదింటికి ఆఫీసు నుంచి వచ్చినా ఎవరూ ప్రశ్నించరు, పిల్లలు బండ్ల భయం లేకుండా ఆడుకుంటారు, ఏం కట్టుకున్నా ఏం వండుకున్నా పక్కవాళ్లకు పట్టదు. ఎవరికీ పట్టకపోవడమే ఆమెకు సుఖం. అదే మీకు మొదటి నెలలో కష్టం. పన్నెండో అంతస్తులో తలుపు మూస్తే, ఎదురు ఫ్లాటువాళ్లు లిఫ్టులో కనిపించినప్పుడు తల ఊపడమే పలకరింపు. సాయంత్రం కింద పార్కులో మీలాగే పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లు కూర్చుంటారు. వాళ్లతో కలిసిపోయి హాయిగా ఉన్నవాళ్లనూ చూశాను, అయితే వాళ్లలో ఎక్కువమంది మనవళ్లను చూసుకునే పని ఇష్టంగా ఒప్పుకున్నవాళ్లు. మీరు దానికి సిద్ధమైతే వెళ్లండి, సిద్ధంగా లేకపోతే చలికాలంలో నెలా రెండు నెలలు ఉండి వచ్చేయండి. రిటైర్‌మెంటు డబ్బు మాత్రం అక్కడి ఫ్లాటు అప్పులో కలపకండి. ఈ ఒక్క విషయంలో మీ ఇద్దరి మాటా ఒకటే కావాలి.

హనుమకొండ నేనుండే ఊరు కాబట్టి పక్షపాతం ఉంటుందేమో, అది తీసేసి చదవండి. రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, కోల్‌బెల్టు నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ఎక్కువగా స్థిరపడడానికి కారణాలు సాదాసీదావే. ఎంజీఎం ప్రభుత్వ ఆస్పత్రి ఉంది, ప్రైవేటు ఆస్పత్రులు ఉన్నాయి. కాజీపేటలో రైలెక్కితే రెండు గంటల్లో సికింద్రాబాద్. పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద నడిస్తే నాలుగు రోజుల్లో నలుగురు పరిచయమవుతారు. ఊళ్లోలా అందరికీ అన్నీ తెలియవు, హైదరాబాద్‌లోలా ఎవరికీ ఏమీ తెలియకుండానూ ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, ఇక్కడ మీరిద్దరూ సమానంగా కొత్తవాళ్లు. మీ ఊళ్లో వదిన కొత్త మనిషి, ఖనిలో ఇకమీదట మీరు పనిలేని మనిషి. ఇక్కడ ఆ తేడా ఉండదు. అయితే అమ్మాయి ఇంట్లో ఉండకండి. అల్లుడు ఎంత మంచివాడైనా సరే, నడిచి వెళ్లేంత దూరంలో వేరే ఇల్లు చూసుకోండి.

నా సలహా ఇది. మేస్త్రీని ఒక ఏడాది ఆగమనండి. జాగా ఎక్కడికీ పోదు, ప్లానూ పాడవదు. పొలం ఈ ఏడాదికి కౌలుకు ఇవ్వండి, లేదా తమ్ముళ్లలో ఒకరితో పొత్తుకు పెట్టండి. క్వార్టరు ఖాళీ చేశాక మొదటి ఏడాది వదిన చెప్పినట్టు ఖనిలోనే అద్దెకు దిగండి. ఆమె గెలిచిందని కాదు, ఒకేసారి ఉద్యోగమూ ఊరూ మనుషులూ అన్నీ మారితే మీ ఇద్దరికీ తట్టుకోవడం కష్టం. మీ అదృష్టం చూడండి, రామగుండం, జమ్మికుంట, కాజీపేట, సికింద్రాబాద్ అన్నీ ఒకే రైలు మార్గం మీద ఉన్నాయి. కాగజ్‌నగర్ నుంచి సికింద్రాబాద్ వెళ్లే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మీ ఊరి పొలానికీ, కూతురికీ, కొడుకుకూ దారి ఒకటే. నాట్లప్పుడు వెళ్లి పది రోజులు ఊళ్లో ఉండండి, కోతలప్పుడు మళ్లీ వెళ్లండి. ఈసారి వదినను తీసుకెళ్తే అన్నదమ్ముల ఇంట్లో దిగకండి. ఒక గదైనా సరే, వేరే వంట, వేరే స్నానాల గది ఉన్న చోటు చూడండి. అప్పుడామె మీ ఊళ్లో మొదటిసారి తన ఇంటి యజమానురాలిగా ఉంటారు. అలా ఉన్నాక కూడా నచ్చకపోతే, ఇక ఆ విషయం ఎత్తకండి. నచ్చితే, ప్లాను మళ్లీ గీయించండి. వంటిల్లు ఎటువైపు ఉండాలో, తలుపు ఏ వీధిలోకి తెరవాలో ఆమెను అడిగి గీయించండి. ఇంటి కాగితాల్లో ఆమె పేరు కూడా ఉండాలి.

చివరిగా, మన ఇళ్లలో ఎవరూ నోరు తెరిచి అనుకోని విషయం ఒకటి అడగాలి. వయసులో పెద్దవాళ్లు మీరు, ఒంట్లో గని దుమ్ము ఉన్నదీ మీకే. మన దేశంలో భర్త పోయాక భార్య ఏళ్ల తరబడి బతకడమే ఎక్కువగా చూస్తాం. మీరు లేని రోజున వదిన ఆ ఇంట్లో ఒంటరిగా ఉండగలరా? మీ ఊళ్లో, మీ అన్నదమ్ముల ఇళ్ల మధ్య, మీ రెండెకరాలకు కాపలాగా? లేక తనను పేరుతో పిలిచే మనుషులున్న చోటా? ఆమె రానంటున్నప్పుడు ఈ భయం కూడా అందులో ఉండి ఉండవచ్చు, మీతో అనలేక దుమ్మూ ఎండా అన్నిటినీ సమర్థిస్తూ ఉండవచ్చు. పిల్లల్ని పిలవకుండా, మీరిద్దరే ఒక సాయంత్రం కూర్చుని ఈ సంగతి మాట్లాడుకోండి. ముందు ఆమెను చెప్పనివ్వండి. ఎక్కడ ఉండాలన్నది ఆ తర్వాత తేల్చుకోవచ్చు.